యోసేపు చింపిన కాగితాలు

కాగితం తిప్పాలంటే యోసేపు తాత ముందు బొటనవేలిని నాలుకకు రాసుకునేవాడు. ఆ వేలికి ఎప్పుడూ ముక్కుపొడి అంటుకుని ఉండేది. తిప్పిన ప్రతి కాగితం మూలనా తడిసిన గోధుమరంగు మరక మిగిలేది. పాపను చంకనేసుకుని నేను ఆయన వసారా దాటి నా గదిలోకి వెళ్లినప్పుడల్లా ఆ మరకలు చూసి ముఖం పక్కకు తిప్పుకునేదాన్ని.

చేవెళ్లలో ఆయన ఇంటి ముందు గదిని మేము కిరాయికి తీసుకున్నాం. నేను బళ్లో సైన్సు టీచర్ని. మా ఆయనకు మొయినాబాదులో ఉద్యోగం. అరవైతొమ్మిది ఎండాకాలంలో తెలంగాణ ఉద్యమం జోరు మీదుంది. బస్సులు ఏ రోజు నడుస్తాయో, ఏ రోజు రాళ్లు పడి ఆగిపోతాయో తెలియదు. మా ఆయన రెండు వారాలకోసారి వస్తే గొప్ప. బళ్లు మూతబడ్డాయి. పది నెలల పాపతో నేను ఆ ఇంట్లోనే ఉండిపోయాను.

ఆ వసారాయే యోసేపు తాత కచేరీ. ఒక కాలు విరిగితే ఇటుకలు పేర్చిన మేజా, రెండు గట్టి పాళీ కలాలు, ఒక సిరాబుడ్డి, గోడ వెంట బట్టలో కట్టిన కాగితాల మూటలు. ఆయన హిమాయత్‌నగర్‌లో పుట్టి, మిషన్ బళ్లో నాలుగక్షరాలు నేర్చి, ఒక ముసలి మున్షీ దగ్గర అర్జీలు రాయడం నేర్చుకున్నాడట. నిజాం రోజుల్లో ఉర్దూలో రాసేవాడు, తర్వాత తెలుగులో. పెన్షన్ రాని ముసలివాళ్లు, సెలవు కావాల్సిన చప్రాసీలు, మొగుడు వదిలేసిన ఆడవాళ్లు అందరూ ఆ మేజా ముందు నేల మీద కూర్చుని తమ ఇంటి సంగతులు చెప్పుకునేవాళ్లు. ఏది రాసినా కార్బన్ కాగితం పెట్టి, రెండో కాపీ మీద కూడా సంతకమో వేలిముద్రో వేయించుకుని దాచేవాడు. ఎవరైనా తమ కాపీ పోగొట్టుకుని ఏడుస్తూ వస్తే, మూట విప్పి, వేలు నాకి, తీసి ఇచ్చేవాడు. చెప్పిన సంగతి మాత్రం నోటి నుంచి ఎన్నడూ బయటికి రానిచ్చేవాడు కాదు. చివరికి భార్య ధనమ్మ దగ్గరైనా సరే.

"ముప్పయ్యేండ్ల సంది అడుగుతున్న, ఒక్క ముచ్చట చెప్తడా? ఈ మూటలతోనే ఆయన కాపురం" అని ధనమ్మ అవ్వ నాతో అనేది.

ఆ మూటల్లో ఎలుకలు పడ్డాయి. ఉచ్చ కంపు వసారా దాటి మా గదిలోకి వచ్చింది. ఒకరోజు పాప పాకుతూ వెళ్లి ఎలుక పెంటను పిడికిట పట్టుకుంది. దాని చేయి నాలుగుసార్లు కడిగి, నేనే వెళ్లి గట్టిగా చెప్పాను.

"తాతా, వీటినన్నా తీసెయ్, లేకుంటే మమ్మల్నన్నా పొమ్మను."

ఆయన నొచ్చుకున్నాడు. అయినా రెండు రోజులు కూర్చుని, పదేళ్లు దాటిన కాగితాలను వేరుచేశాడు. ఒక్కొక్కటి తీసి నడిమికి అడ్డంగా చింపాడు. ఆయన ఉస్తాద్ నేర్పిన పద్ధతి అది. రద్దయిన కాగితాన్ని అడ్డంగా ఒక్కసారి చింపితే అది చచ్చిన కాగితమట, ఇక ఎవరికీ పనికిరాదట. అలా చచ్చినవాటిని గంపకెత్తి మల్లప్ప కిరాణా దుకాణానికి పంపించాడు. ఆ రోజుల్లో పట్నం నుంచి సరుకు సరిగా రాక, పొట్లాలకు పాత పేపర్లు కూడా దొరకడం లేదు. మల్లప్ప సంతోషంగా తీసుకున్నాడు.

బడి మూతబడ్డ నాటి నుంచి పాపను చూసుకునేది బీరమ్మ. మా బడి ఆయా. పిల్లలకు కుండలోంచి నీళ్లు ముంచి పోసేది. ముడిమ్యాల నుంచి నడిచి వచ్చేది. కుడిచేతి చిటికెన వేలు వంకరగా ఉండేది. పొయ్యి మీద కాలిందని చెప్పింది. పాప నా దగ్గర ఏడ్చినా ఆమె చంకలో ఏడ్చేది కాదు.

మరుసటి వారం మల్లప్ప దుకాణంలో పుట్నాలు తెచ్చి, డబ్బాలో పోసి, ఖాళీ పొట్లాన్ని కింద పడేశాను. పాప దాన్ని నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. బీరమ్మ పరుగున వచ్చి దాని నోట్లో వేలు పెట్టి కాగితాన్ని లాగింది.

"థూ! ఇదేం తిండే నా తల్లీ! ఇగో టీచరమ్మా, నీ బిడ్డకు కాగితాలే రుచి. పెద్ద సదువులు సదువుతది సూడు."

నవ్వుతూ నా చేతికిచ్చింది. చొంగతో తడిసిన ఆ సగం కాగితం మీద యోసేపు తాత రాత, మూలన గోధుమ మరక. చూడకూడదనుకుంటూనే చదివాను.

"...సదరు కుష్ఠు వ్యాధి మిషను దవాఖానలో నాలుగేండ్ల చికిత్సతో పూర్తిగా నయమైనదని డాక్టరుగారిచ్చిన సర్టిఫికెటు జతపరచడమైనది. కావున నాకు ఏదైనా నౌకరీ ఇప్పించ ప్రార్థన." కింద వేలిముద్ర, పక్కన "ముడిమ్యాల బీరమ్మ నిశాని."

బీరమ్మ అప్పటికే పాప మూతిని తన కొంగుతో తుడుస్తోంది.

నయమైన కుష్ఠు అంటదని నాకు తెలుసు. పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, పిల్లలకు పాఠం కూడా చెప్పాను. తెలిసి కూడా నా ఒళ్లంతా పురుగులు పాకినట్లయింది. ఏదో వంక చెప్పి, పిలిచేదాకా రావద్దని ఆమెను పంపించేశాను. కార్బాలిక్ సబ్బు తీసుకుని పాప నోరు, నాలుక, చిగుళ్లు తుడిచాను. అది గుక్కపట్టి ఏడ్చింది. ఇంత చదివి నేను చేస్తున్నదేమిటని నా మీద నాకే రోత పుట్టింది. అయినా చేయి ఆగలేదు.

ఆ ముక్కను పారేయలేదు. మా ఆయన వచ్చాక చూపించాలని కెమిస్ట్రీ పుస్తకంలో పెట్టుకున్నాను.

సాయంత్రం యోసేపు తాతకు చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది.

"ఆ ముక్క ఏది?"

"పొయ్యిల ఏసిన" అన్నాను. ఆ అబద్ధం చాలా తేలిగ్గా వచ్చింది.

"బీరమ్మ ఆ నాలుగేండ్లు శంకర్‌పల్లిల అన్నకాడ ఉన్ననని చెప్పుకున్నది బిడ్డా. ఊళ్లె తెలిస్తే ఆమె చేతి నీళ్లు ఒక్క పిల్ల ముట్టదు. నౌకరీ పోతది. మిగిలిన సగం మల్లప్ప దగ్గర్నే ఉన్నది."

ఇద్దరం దుకాణానికి వెళ్లాం. మల్లప్ప మా ఎదురుగానే ఒక ముక్కను గరాటులా చుట్టి అందులో ఉప్పు పోస్తున్నాడు. పొట్లానికి సరిగ్గా సగం కాగితమే కావాలి. తాత చింపిన చింపుడు మల్లప్పకు ఎంత అనువుగా ఉందో అప్పుడు తెలిసింది.

"ఏం మున్షీ సాబ్, ఇచ్చినయి వాపసు అడుగుతరా? మస్తు మజా ఉన్నయి. గిరాకి లేనప్పుడు సదువుకుంట కూసుంటున్న. ఎవడో రెండో పెండ్లికి సెలవడిగిండు సూడు!" అని పకపకా నవ్వాడు. పళ్ల మీద తంబాకు పాచి.

తాత చేతులు జోడించాడు. అరవై ఏళ్ల మనిషి అలా నిలబడటం నేను చూడలేకపోయాను. నా గదిలో ఉన్న పాత వార్తాపత్రికలన్నీ బదులిస్తానని నేనంటే మల్లప్ప గంప వెనక్కిచ్చాడు. ఇంటికొచ్చి ఒక్కొక్క ముక్కా వెతికాడు తాత. బీరమ్మ కాగితం పై సగం దొరికింది. అన్నీ దొరకలేదు. ఎన్ని ఉప్పు పొట్లాలుగా వెళ్లిపోయాయో దేవుడికే తెలియాలి.

ఇక వాటిని ఎలా రూపుమాపాలన్నది మా ముందున్న పని. ఒక ముక్కయితే పొయ్యిలో వేయొచ్చు, గంపెడు కాగితాలు కాల్చలేం. ముందు రోజే రోడ్డు మీద టైర్లు కాల్చారు. పొగ కనబడితే చాలు, పోలీసులు లాఠీలతో ఇంట్లోకి వస్తున్నారు. బావిలో వేస్తే అవే నీళ్లు తాగాలి. పక్కింటి అంతయ్యకు బర్రెల కోసం గడ్డి కత్తిరించే చక్రం మిషను ఉంది. దానికి పెడదామన్నాను.

అంతయ్య చక్రం తిప్పాడు. కాగితాలు వేలెడు వెడల్పు పట్టీలై రాలాయి, పచ్చిగడ్డి పసరుతో, పేడతో కలిసి. వంగి ఒకటి తీసి చూశాను. మిషను వరుస వెంబడే కోసింది. "నా భార్య నన్ను వదిలి" అన్న మాట ఒక పట్టీ మీద చెక్కుచెదరకుండా ఉంది. బర్రె ఇంకో పట్టీని నమలడం మొదలుపెట్టింది.

"నా బర్రె గూడ అర్జీ ఏస్తదేమో ఇగ!" అన్నాడు అంతయ్య.

పేడలోంచి ఆ పట్టీలన్నీ ఏరుకోవాల్సి వచ్చింది. నేను ఇంకా ఆగలేదు. బకెట్లో నానబెట్టి చూశాను. మూలల్లో తాత కలంతో వేసుకున్న తేదీలు నీలి నీళ్లయి పోయాయి. కార్బన్ కాపీల మీది అక్షరాలు మాత్రం అలాగే నిలిచాయి, వాటికి జిడ్డు ఉంటుంది కదా. బకెట్ నిండా ఎలుక ఉచ్చ వాసన వేసే నల్లటి మడ్డి. దాంట్లో చేయి పెట్టి వాంతి చేసుకున్నాను.

దూరంగా కూర్చున్న ధనమ్మ అవ్వ అప్పుడు నోరు తెరిచింది.

"సదువుకున్నోళ్లు ఇద్దరున్నరు, నాకు ఒక్కమాట చెప్పిన్రా? మెంతులు నానేసి రోట్లె ఏసి దంచితే అచ్చరమేంది, దేవుడు గూడ కానరాడు. నా గంపలు, చాటలు అన్నీ చిల్లులే. మెత్తుకోవద్దా?"

ఆ ఊళ్లో ఆడవాళ్లంతా చేసే పనే అది. కాగితం, మెంతులు కలిపి దంచిన గుజ్జును వెదురు గంపలకు అలికితే గింజ కారదు, పురుగు పట్టదు. రోట్లో పోగు పోగు విడిపోతుందని నా సైన్సుకు తట్టలేదు.

"దంచుడు నాతోని కాదు. బీరమ్మను పిలువున్రి" అంది అవ్వ.

మరునాడు పొద్దున్నే బీరమ్మ వచ్చింది. తాత మేజా దగ్గర నుంచి లేచి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. అలా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. అవ్వను, నన్ను లోపలికి వెళ్లమన్నాడు. అవ్వ మెంతులు తేవడానికి వెళ్లింది. నేను తలుపు చాటున నిలబడ్డాను.

"నీ కాగితం నా చేతుల నుంచి జారింది బీరమ్మా. తప్పు నాదే. ఇగో పై సగం. నీది నువ్వే రోట్లె ఎయ్యి."

ఆమె దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పింది. చదవడం రాదు.

"నా ఏలిముద్ర లేదే. కింది సగం ఏది బాపు?"

"కాలిపోయింది. టీచరమ్మ పొయ్యిల ఏసిందట."

బీరమ్మ ఆ సగం కాగితాన్ని మడతపెడుతూ అంది, "మొన్న బిడ్డ నోట్లకెల్లి గుంజింది గదేనా? గందుకేనా నన్ను తొందరగ పొమ్మన్నది? పోతాంటె బిడ్డ ఒకటే ఏడుపు. సబ్బు వాసన వాకిట్ల దాక వచ్చింది."

నేను గదిలోకి వెళ్లి పుస్తకం తెరిచాను. ముక్క ఎండి అట్టలా గట్టిపడింది. పాప చొంగ మరక పక్కనే ఆమె వేలిముద్ర. ఇంకో నాలుగు రోజుల్లో మా ఆయన వస్తాడు. దాన్ని అక్కడే ఉంచితే ఎవరికీ తెలియదు. తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. తాత నా వైపు చూడలేదు. ముక్కుపొడి డబ్బీ తీసి, మూత తీయకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"సదివినవా?" అంది బీరమ్మ.

"సదివిన."

"దాసుకున్నవా?"

"దాసుకున్న."

ఆమె రెండు ముక్కలూ రోట్లో వేసి రోకలి ఎత్తింది. అవ్వ తెచ్చిన మెంతులు పోస్తుంటే మధ్యాహ్నం దాకా దంచుతూనే ఉంది. మిగతా వాళ్ల సెలవులు, మొగుళ్లు, పెన్షన్లు అన్నీ అందులోనే పడ్డాయి. గుజ్జు బూడిదరంగు ముద్దయింది. వేళ్లతో విప్పి చూశాను. ఒక్క అక్షరం లేదు. చేదు వాసన మాత్రం ఉంది.

పాప లేచి ఏడ్చింది. దానికి అన్నం వేళయింది. బీరమ్మ గుజ్జు చేతులు ముందుకు చాపి, లేవకుండా నన్నే చూసింది.

"తినిపియ్యాల్నా, ఇంటికి పోవాల్నా? సక్కగ చెప్పు టీచరమ్మా."

నేను చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె చేతుల మీద పోశాను. సబ్బు తేలేదు. వంకర వేలి సందులో ఇరుక్కున్న గుజ్జును నా గోటితో తీశాను. నా ముఖం దానంతటదే మళ్లీ పక్కకు తిరిగింది. అది ఆమెకు తెలిసిందనుకుంటాను, చేయి వెనక్కి తీసుకోబోయింది. నేను వదల్లేదు.

అన్నం గిన్నె ఆమె ముందు పెట్టాను. మొదటి ముద్ద పాప ఉమ్మేసింది.

"చేదున్నదా నా తల్లీ? మెంతులమ్మా, మెంతులు" అంటూ బీరమ్మ చేయి కొంగుకు తుడుచుకుని రెండో ముద్ద కలిపింది. పాప నోరు తెరిచింది.