మునినారాయణప్ప జతచుక్కలు

మునినారాయణప్ప తన షెడ్డులో తయారైన ఇనుప పిన్నును ఎన్నడూ ఒంటరిగా బయటికి పంపలేదు. ఏ పిన్ను ఏ బుష్‌లో, అంటే దాని చుట్టూ తొడిగే లోహపు గొట్టంలో, తిరగాలో ఆ బుష్‌ను దానికి తొడిగి, పిన్ను తల మీదా బుష్ అంచు మీదా ఒకే తీరుగా చుక్కలు కొట్టి, ఆ తరువాతనే పెట్టెలోకి ఎక్కించేవాడు. విడిపోకుండా కట్టే పని ఆయన భార్య భాగీరథమ్మది. పూలు కట్టడానికి తెచ్చుకున్న అరటినారతోనే ఆమె వాటినీ కట్టేది. పీణ్య పారిశ్రామికవాడలో నాలుగో అడ్డవీధిలోని ఆ రేకుల షెడ్డులోకి అడుగు పెడితే ముందు కోత నూనె వాసన, దాని వెనుకే మల్లెల వాసన వచ్చేవి. అంతకు మించి ఆ చోటును గుర్తుపట్టడానికి బోర్డు అవసరం ఉండేది కాదు.

ఆయనను నేను నలభై రెండేళ్ళుగా ఎరుగుదును. ముళబాగిలు దగ్గరి పల్లె నుండి పందొమ్మిదేళ్ళ వయసులో వచ్చి, ప్రభుత్వ యంత్రాల కర్మాగారంలో ఫిట్టరు పని నేర్చుకోవడానికి చేరాడు. అదే సంవత్సరం నేను ఇంజనీరుగా చేరాను. ఇంగ్లీషు చదువు చదివి వచ్చినవాణ్ణి. నాకు కొలతలు తెలుసు గాని లోహం తెలియదు. ఆ సంగతి నాకు మొదట చెప్పినవాడు మా ఇద్దరికంటే ఎంతో పెద్దవాడైన ఫిట్టరు అశ్వత్థప్ప.

"ఆ కాగితం మడిచి పెట్టండి సార్," అన్నాడు మొదటి వారంలోనే, నా చేతిలోని కొలతల పటం చూసి. "అది చెప్పేది ఇనుముకు అర్థం కాదు. ఇంగ్లీషులో ఉండాది."

షిఫ్టు మొత్తం నవ్వింది. కొత్తగా చేరిన మునినారాయణప్ప మాత్రం నవ్వలేదు. తల వంచుకొని అశ్వత్థప్ప చేతులనే చూస్తున్నాడు. ఇరుసుకు నీలిరంగు పూసి, బుష్‌లో తిప్పి, రంగు అంటిన చోట మాత్రమే గోరంత గోకి, మళ్ళీ పూసి, మళ్ళీ తిప్పి, ఒక పూటకు ఒక జత ముగించేవాడు ఆ పెద్దాయన. జత కుదిరిన తరువాత రెండింటి మీదా చుక్కలు కొట్టేవాడు. ఒక్కొక్క ఫిట్టరుకు ఒక్కొక్క చుక్కల తీరు ఉండేది. మునినారాయణప్ప తన తీరును తల్లి వాకిట్లో పెట్టే ముగ్గు నుండి తెచ్చుకున్నాడు. మూడు, దాని మీద రెండు, దాని మీద ఒకటి. జతలు పెరిగినకొద్దీ ముగ్గు మారేది, ఒక జత ముగ్గు ఇంకో జతకు ఉండేది కాదు.

ఒకసారి కోయంబత్తూరు మిల్లు నుండి ఒక యంత్రం మరమ్మత్తుకు తిరిగి వచ్చింది. పదకొండేళ్ళు పనిచేసిన యంత్రం. విప్పి చూస్తే అశ్వత్థప్ప చుక్కలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. సైరను మోగినా ఎవరూ క్యాంటీనుకు పోలేదు. అందరూ చుట్టూ చేరి, అత్తవారింటి నుండి వచ్చిన ఆడపిల్లను చూసినట్టు చూశారు. ఆ వారం నేను వ్రాసిన నివేదికలో ఈ జతచేసే పద్ధతిని బాగా మెచ్చుకున్నాను. ఆ ప్రతి ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆనాటి యంత్రానికి ఆ మెప్పు న్యాయమైనదే. మన దగ్గర పుట్టిన యంత్రం మన దగ్గరికే మరమ్మత్తుకు వచ్చేది. దాని జత ఏదో చెప్పగల మనిషి అక్కడే ఉండేవాడు.

కర్మాగారం చిక్కిపోయిన కాలంలో మునినారాయణప్ప స్వచ్ఛంద విరమణ తీసుకొని పీణ్యలో షెడ్డు పెట్టుకున్నాడు. మా కర్మాగారం వేలంలో అమ్మిన గ్రైండింగు యంత్రాన్నే కొన్నాడు. దాన్ని లారీలో తెచ్చేటప్పుడు దారి పొడుగునా పక్కనే సైకిలు మీద వచ్చాడని భాగీరథమ్మ నేటికీ ఎత్తిపొడుస్తుంది. "నన్ను పెండ్లి చేసుకొని తెచ్చినప్పుడు మాత్రం ముందు బస్సులో పోయినాడు ఈయప్ప," అంటుంది.

ఇరవై ఏళ్ళు ఆ షెడ్డు బాగానే నడిచింది. తరువాత పనులు ఒక్కొక్కటిగా తగ్గాయి. ఏడుగురు పనివాళ్ళలో నలుగురు మిగిలారు. ఆ స్థితిలోనే, రెండేళ్ళ కిందట, రైలు తలుపుల సంగతి వచ్చింది.

ప్రజల సొమ్ముతో వేసే రైలు మార్గాలలో వాడే విడిభాగాలు ఇంత మేరకు దేశంలోనే తయారై ఉండాలన్నది నియమం. ఏదైనా భాగం ఇక్కడ దొరకదని నిరూపిస్తే ఆ భాగానికి నియమాన్ని సడలించవచ్చు. ఒక కొత్త మార్గానికి రైలుపెట్టెలు కట్టే సంస్థ అటువంటి సడలింపు కోరింది. జారే తలుపు బరువు మోసే చక్రంలోని పిన్నును, దాని బుష్‌ను తగిన నాణ్యతతో చేయగలవారు దేశంలో లేరని దాని వాదన. పరిశీలనకు ముగ్గురు సభ్యుల సంఘం ఏర్పడింది. విశ్రాంత ఉద్యోగినైన నేను అందులో ఒకణ్ణి.

అభ్యంతరాలు ఉంటే తెలుపమని ప్రకటన ఇచ్చాము. ఒకే ఒక ఉత్తరం వచ్చింది. కింద సంతకం మునినారాయణప్పది. వ్రాసింది ఆయన కూతురు శశికళ. నగరానికి అవతలి కొసన బ్రూక్‌ఫీల్డ్‌లో ఆఫీసు ఉద్యోగం మాని షెడ్డు వ్యవహారాలు చూసుకుంటున్న అమ్మాయి. ఉత్తరం సూటిగా ఉంది. ఈ భాగం మేము చేయగలము. ఒకసారి సడలింపు ఇస్తే రైళ్ళు నడిచినంత కాలం మార్పిడి భాగాలు కూడా బయటి నుండే వస్తాయి. ఆ పైన మా షెడ్డు తలుపు తెరవడానికి కారణం ఉండదు.

ఆయన నాకు పరిచయస్థుడని నేను సంఘానికి వ్రాతపూర్వకంగా తెలిపి, తప్పుకుంటానన్నాను. లోహం పని తెలిసినవాడు ఒకడు ఉండాలని మిగిలిన ఇద్దరూ నన్ను ఉండమన్నారు. అయితే నా ఒక్కడి అభిప్రాయంతో ఏదీ తేల్చకూడదని ముందే నిర్ణయించుకున్నాము.

ఇరవై సెట్లు నమూనాగా పంపమని కోరాము. పరీక్షశాలకు పంపవలసిన తీరు మేము పంపిన పత్రంలో ఉంది. పిన్నులు ఒక పెట్టెలో, బుష్‌లు ఒక పెట్టెలో పెట్టాలి. శశికళ పత్రంలో ఉన్నది ఉన్నట్టు చేసింది. తల్లి కట్టిన అరటినారను కత్తిరించి, దేనికది శుభ్రంగా తుడిచి, విడివిడిగా సర్దింది. చుక్కలు ఉన్నాయి కదా, చూసేవాళ్ళు చూసుకుంటారని తండ్రి అనుకున్నాడు. చుక్కలకు అర్థం చెప్పవలసి ఉంటుందని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

పరీక్షశాలవారు చేతికి వచ్చిన పిన్నును చేతికి వచ్చిన బుష్‌లో పెట్టారు. పదకొండు సరిపోయాయి. నాలుగు దూరలేదు. అయిదు వదులయ్యాయి.

విచారణ రోజున మునినారాయణప్ప ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకొని, కూతురితో వచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు. రైలుపెట్టెల సంస్థ తరఫున అమరనాథ్ అనే ఇంజనీరు వచ్చాడు. నలభై ఏళ్ళ లోపువాడు. మాట మర్యాదగా ఉంది, కాగితాలు క్రమంగా ఉన్నాయి.

"ఫలితం మీ ముందే ఉంది సర్," అన్నాడు. "ఇరవైలో తొమ్మిది పోయాయి. ఇంతకంటే నేను చెప్పవలసింది లేదు."

"పోయినాయా?" అన్నాడు మునినారాయణప్ప. నమూనాల పెట్టెల వైపు మెడ చాచి చూశాడు. "కలిపేసినారు సార్. జతలు కలిపేసినారు."

నేను ఒక పిన్నును తీసి దీపం కిందికి పట్టాను. తల మీద మూడు, రెండు, ఒకటి. కర్మాగారంలో నేను చూసిన ముగ్గే. బుష్‌లను తిరగేసి, అదే తీరు ఉన్నదాన్ని వెతికి, పిన్నును అందులో నిలబెట్టి వదిలాను. తన బరువుతో తాను మెల్లగా దిగి, అడుగున ఆగింది. మిగిలిన పందొమ్మిదింటినీ ఆయన చేతనే జతపరచమన్నాను. కళ్ళద్దాలు కూడా పెట్టుకోలేదు. వేలికొనతో తడుముతూ పది నిమిషాల్లో ముగించాడు. ఒక్కటీ తప్పలేదు.

సంఘంలోని మిగిలిన ఇద్దరూ ముందుకు వంగి చూశారు. శశికళ కళ్ళు తుడుచుకుంది. ఆ క్షణాన విచారణ ముగిసిందనే అందరం అనుకున్నాము.

"నేనొకటి అడగవచ్చా సర్?" అన్నాడు అమరనాథ్.

"అడగండి."

అతడు నన్ను కాక మునినారాయణప్పను చూశాడు. "ఇవి చాలా బాగున్నాయి. మా సరుకు కూడా ఇంత మెత్తగా దిగదు, ఒప్పుకుంటాను. కాని పెద్దాయనా, మూడేళ్ళ తరువాత ఒక బుష్ అరిగిందనుకోండి. డిపోలో ఉన్నవాడు అలమరలోంచి కొత్త బుష్ తీస్తాడు. అది పాత పిన్నుకు పడుతుందా?"

మునినారాయణప్ప బల్ల మీది ఒక జతను చేతిలోకి తీసుకున్నాడు.

"నాన్నా," అంది శశికళ మెల్లగా.

"పడదు," అన్నాడు ఆయన. "రెండూ మార్చల్ల."

"ఆ సంగతి డిపోవాడికి తెలుస్తుందా?"

ఆయన చేతిలోని జతను విడదీసి, మళ్ళీ కలిపి, బల్ల మీద పెట్టాడు. "తెల్దు. నన్ను అడిగితే చెప్తాను. కాని నేను ఆడ ఉండను కదా." తరువాత నా వైపు తిరిగాడు. "ఆయన చెప్పేది నిజమే సార్. వ్రాసుకోండి."

ఇటువంటి సంఘాలలో సాక్ష్యాన్ని తూచడం నా పని. తనకు వ్యతిరేకంగా పడే బరువును తానే తక్కెడలో పెట్టిన మనిషిని మాత్రం నేను తరచుగా చూడలేదు. అయినా దాని వల్ల బరువు తగ్గదు. తలుపు ప్రయాణికులది. జత కుదరని పిన్ను జారి, తలుపు సగంలో ఆగితే, చేసిన చేతి నైపుణ్యం అక్కడ పనికిరాదు. మరొక వైపు, దేశంలో చేయగలవారు లేరన్న వాదన కూడా నిలవదు. చేయగలడు. చేసే పద్ధతి మారాలి. ముగ్గురం ఏకాభిప్రాయంతో వ్రాశాము. మొదటి ఎనిమిది రైళ్ళకు మాత్రం సడలింపు. మిగిలిన రైళ్ళకూ మార్పిడి భాగాలకూ ఆరు నెలల తరువాత మళ్ళీ పరీక్ష. ఏ పిన్నైనా ఏ బుష్‌కైనా సరిపోవాలి. సరిపోకపోతే సడలింపు అన్నిటికీ వర్తిస్తుంది.

ఆ నిర్ణయపత్రం చేతికి అందిన రోజు ఆయన నాకు ఫోను చేశాడు.

"ఒకటి అడగల్ల సార్. తప్పు నాదా, అశ్వత్థప్పదా?"

"ఆ పద్ధతిని మెచ్చుకుంటూ నివేదిక వ్రాసింది నేను," అన్నాను. "తప్పంటూ ఉంటే మొదట నన్ను లెక్క పెట్టు."

"అయితే ముగ్గురం," అన్నాడు. నవ్వాడో లేదో తెలియలేదు.

ఆ ఆరు నెలలూ ఆ షెడ్డు వైపు పోవడం నాకు తగదు, పోలేదు. తరువాత విన్నదే వ్రాస్తున్నాను. శశికళ కొలత పరికరాలు తెప్పించింది. కొలత సరిగ్గా ఉంటే ఒక వైపు దూరాలి, ఇంకో వైపు దూరకూడదు, అంతే వాటి భాష. మొదటి నెల ఆయన వాటిని ముట్టలేదు. పిన్ను చేసిన వెంటనే చేయి అలవాటుగా బుష్ కోసం పోయేది. చివరకు భాగీరథమ్మే ఒక ఏర్పాటు చేసింది. పిన్నులు షెడ్డులోనే చేయాలి, బుష్‌లు వెనుక గదిలో చేయాలి, మధ్య తలుపు మూసి ఉండాలి. తాళంచెవి ఆమె కొంగున ఉండేది.

"నలభై ఏండ్లు నా మాట వినని మనిషి ఆ ఇనుపముక్క మాట వింటాడా?" అన్నదట. "అందుకే తాళం ఏసినా."

పాత గ్రైండింగు యంత్రం తేడా అక్కడే బయటపడింది. ఇన్నేళ్ళూ దాని లోపాన్ని ఆయన చేయి జత జతకూ సరిదిద్దుతూ వచ్చింది. చేయి తప్పుకునేసరికి యంత్రం అసలు సంగతి కొలతల్లో కనిపించింది. దాన్ని పూర్తిగా విప్పి, ఇరుసునూ దాని ఆధారాన్నీ నీలిరంగు పూసి గోకి, మళ్ళీ బిగించడానికి ఆయనకు పదిహేడు రోజులు పట్టింది. అశ్వత్థప్ప విద్య చివరిసారి అక్కరకు వచ్చింది ఆ పనికే.

రెండవ పరీక్షకు నేను వెళ్ళలేదు. మిగిలిన ఇద్దరు సభ్యులూ అమరనాథ్ సమక్షంలో ఎవరికి తోచిన పిన్నును వారు ఎవరికి తోచిన బుష్‌లో వేశారు. ఇరవైకి ఇరవై సరిపోయాయి. మొదటి నమూనాల వలె మెత్తగా మాత్రం దిగలేదని అమరనాథ్ తన పత్రంలో వ్రాశాడు. అది ఫిర్యాదు కాదు. జరిగింది జరిగినట్టు వ్రాశాడు. మిగిలిన రైళ్ళకూ మార్పిడి భాగాలకూ సడలింపు ఇవ్వలేదు.

సంఘం ముగిసిన నెలకు పీణ్య వెళ్ళాను. షెడ్డులో ఏడుగురు పనిచేస్తున్నారు. కోత నూనె వాసన అలాగే ఉంది. భాగీరథమ్మ గడప దగ్గర కూర్చొని పూలే కడుతున్నది. పక్కన అరటినార చుట్ట పెద్దదిగా మిగిలి ఉంది.

మునినారాయణప్ప రెండు పళ్ళేలు నా ముందు పెట్టాడు. ఒకదానిలో పిన్నులు, ఒకదానిలో బుష్‌లు.

"మీకు ఏది కావల్లో అది ఎత్తుకోండి సార్."

ఎత్తుకున్నాను. దూరింది.

"ఇది ఎవురు చేసింది, చెప్పండి."

తిప్పి చూశాను. తల నున్నగా ఉంది. "తెలియడం లేదు."

"తెలియకూడదు. అది నేర్చుకొనేదానికే ఆరు నెలలు పట్టింది." నా చేతిలోంచి పిన్నును తీసుకున్నాడు. మాట్లాడుతూనే ఆయన బొటనవేలు దాని తల మీద ఒకసారి చుట్టి వచ్చి, ఏమీ దొరకక ఆగింది. అప్పుడు దాన్ని చూడకుండానే, మిగిలిన పిన్నుల మధ్యకు జారవిడిచాడు.