మా అత్తగారి కుర్చీ ఎత్తు

మోకాళ్ళు మొరాయించిన దగ్గర్నుంచీ మా అత్తగారు సొంతంగా కూర్చుని లేవగలిగింది ఒక్కదాంట్లోనే. వరండాలో ఉండే పాత చెక్క కుర్చీ. సోఫాలో కూర్చుంటే ఇక అందులోనే. మంచం మీంచి లేవాలంటే నేను చెయ్యివ్వాలి. ఆ కుర్చీ మీద మాత్రం రెండు చేతులూ ఆనించి, "హూఁ" అని ఒక్క మూలుగు మూలిగితే జెండా కర్రలాగా నిటారుగా లేచి నిలబడుతుంది.

మాది నందిగామ. ఆవిడ చెల్లెలు, మా చిన్నత్తయ్య, జగ్గయ్యపేటలో ఉంటుంది. ఇద్దరూ రోజూ ఫోనులో మాట్లాడుకుంటారు, పోట్లాడుకుంటారు. ముఖాలు చూసుకుని మాత్రం చాలా రోజులైంది. ఎందుకంటే కిందటిసారి ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు ఆవిడ ఆటో ఎక్కలేకపోతే, ఇద్దరు మగవాళ్ళు చంకల కింద చేతులేసి ఎత్తి లోపల కూర్చోబెట్టారు. పందిట్లో వాళ్ళంతా చూశారు. ఆ రోజే తేల్చి చెప్పేసింది.

"నన్ను మిరపకాయల టిక్కీ బస్తాలాగా ఎత్తి పడేసే బండి ఇక నేనెక్కను. నా కాళ్ళతో నేనెక్కాలి, నా కాళ్ళతో నేను దిగాలి. అట్టాంటి బండి ఉంటే చెప్పండి, చెల్లెల్ని చూసొస్తా."

పోయిన మా మామగారి కారు ఒకటి మా ఇంట్లో ఉంది, పాత పద్మిని. మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఎన్నాళ్ళయిందో గాని, దాని బానెట్టు మాత్రం ప్రతి ఆదివారం నిమురుతాడు. మామగారు దాంట్లో మిరపకాయలు వేసుకెళ్ళేవారు. అందుకని ముందు గట్టి స్ప్రింగులు, వెనక ఇనప పట్టీల కమాన్ కట్టలో అదనంగా ఒక పట్టీ వేయించారు. దాంతో బండి ఎప్పుడూ కొట్లాటకి వెళ్ళే పుంజులాగా కాళ్ళ మీద లేచి నిలబడి ఉండేది. మా అత్తగారికి అది అటక ఎక్కినట్టే.

"పొట్టి స్ప్రింగులు వేసి బండిని కిందికి దింపుదాం. అమ్మ ఎక్కేస్తుంది," అన్నాడు మా ఆయన.

అమ్మ పేరు చెప్పాడు గాని, ఆ కోరిక ఆయనకి ఎప్పట్నుంచో ఉందని నాకు తెలుసు. నేలకి కరుచుకున్నట్టుండే పాత కార్లని ఫోనులో చూసుకుంటూ తనలో తనే నవ్వుకునేవాడు.

స్ప్రింగులు పార్సిల్‌లో వచ్చాయి. మెకానిక్ షెడ్డు మా సిమెంటు కొట్టుకి ఎదురే. క్యారియర్ ఇచ్చొద్దామని వెళ్ళినదాన్ని అక్కడే నిలబడిపోయాను. జాకీ ఎత్తి, చక్రం ఊడదీసి, పాత స్ప్రింగుని బిగింపులతో నొక్కిపట్టి కొంచెం కొంచెంగా బయటికి లాగుతున్నాడు మెకానిక్.

"దూరంగా ఉండక్కా. ఇది జారిందంటే కంచికచర్ల పోయి ఏరుకోవాలి."

పొట్టి స్ప్రింగులు ఎక్కించాడు. వెనక కమాన్ కట్టలో అదనపు పట్టీ తీసేశాడు. మా ఆయన చాల్లేదన్నాడు. ఇంకోటి తీయించాడు. బండి నేల మీదికి దిగాక నాలుగువైపుల నుంచీ వంగి వంగి చూసుకుని మురిసిపోయాడు. నన్ను పెళ్ళిచూపుల్లో కూడా అంతసేపు చూడలేదు.

ఇంటికి తెచ్చాక మా అత్తగారు బండికి వీపు తిప్పి, సీటు మీద కూలబడి, కాళ్ళు లోపలికి తీసుకుంది. "ఎక్కేశానే అమ్మాయ్!" అంది. మేమంతా చప్పట్లు కొట్టాం. అదే ఊపులో బయల్దేరాం. ముందు అత్తగారు, వెనక నేనూ, మా ఆడపడుచూ, ఆవకాయ జాడీ. దిగడం సంగతి ఒక్కరికీ తోచలేదు.

హైవే మీద లారీల పక్కన ఆ బండిని తోలడం మా ఆయనకి ఇష్టం ఉండదు. అమ్మవారి గుడి ఉన్న పెనుగంచిప్రోలు మీదుగా లోపలి రోడ్డున పోనిచ్చాడు. ఆ దారిలో ఏ ఊరివాళ్ళు ఆ ఊరి స్పీడ్ బ్రేకర్ సొంతంగా పోసుకున్నారు. కొన్ని పొలంగట్టంత ఉన్నాయి. మొదటిదాని మీదే బండి అడుగున గర్రుమంది. తన పొట్టే గీరుకున్నట్టు మా ఆయన ముఖం పెట్టాడు.

"దిగండి," అన్నాడు.

నేనూ ఆడపడుచూ దిగాం. బరువు తగ్గి బండి కాస్త లేచింది, దాటింది.

"అమ్మా, నువ్వూ దిగితే..."

"నేను దిగను పోరా. ఎక్కిందే ఇప్పుడు."

ఇక ప్రతి ఊళ్ళోనూ ఇదే తంతు. మేమిద్దరం చెరోపక్కా నడవడం, మధ్యలో ఒక్క అత్తగారితో బండి నత్తలాగా పాకడం. ఒకచోట టీ బంకు ముందు కూర్చున్న పెద్దాయన చేతులు జోడించాడు.

"అమ్మవారి గుడికా తల్లీ? మొక్కేమన్నా ఉందా?"

"మొక్కే నాయనా. మా వాడు తీర్చుకుంటున్నాడు," అంది అత్తగారు కిటికీలోంచి.

జగ్గయ్యపేట చేరేసరికి చిన్నత్తయ్య గేటు దగ్గరే ఉంది. అత్తగారు కాళ్ళు బయటపెట్టి "హూఁ" అంది. లేవలేదు. మళ్ళీ "హూఁ" అంది. సీటు అంత కిందకుంటే మోకాళ్ళు ఆవిడ గడ్డానికి ఆనుతున్నాయి. మా ఆయన స్టీరింగు ముందు నుంచే చెయ్యి చాచాడు.

"చెయ్యేశావంటే ఊరుకోను!"

వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు.

"దిగవే అక్కా, పప్పు చల్లారిపోతోంది," అంది చిన్నత్తయ్య.

"దిగగలిగితే నీ పప్పు చల్లారేదాకా ఆగుతానా?"

చిన్నత్తయ్య పొట్టి మనిషి. అక్కని ఒక్క నిమిషం చూసింది. అటువైపు తిరిగొచ్చి, "జరుగు అబ్బాయ్," అని మా ఆయన్ని లేపి స్టీరింగు ముందు కూర్చుంది. ఆ పూట చుట్టరికమంతా కారులోనే. పప్పూ, దోసకాయ పచ్చడీ కిటికీలోంచి అందించాం. అక్కాచెల్లెళ్ళు నవ్వుకున్నారు, ఒకసారి కళ్ళు తుడుచుకున్నారు, పొరపాటున రెండుసార్లు హారను కొట్టారు. మా ఆయన ప్రహరీ పక్కన నిలబడి తిన్నాడు.

ఇంటికొచ్చాక గేటు మూసి మేమే ఎత్తి దించాం. అత్తగారు నేరుగా వెళ్ళి తన చెక్క కుర్చీలో కూర్చుంది.

మర్నాడు కాఫీ తాగి, కుర్చీలోంచి లేచి, ఆ కుర్చీని చేత్తో తట్టింది.

"దీన్ని షెడ్డుకి పట్టుకుపో. సీటు ఈ ఎత్తుండాలి. వేలెడు తగ్గినా పెరిగినా, మీ పిన్ని ఇంటికి మీరే పొండి."

మెకానిక్ కుర్చీని కారు తలుపు పక్కన వేసి చూసి నవ్వాడు. "ఖాళీ బండి ఎత్తు కొలిస్తే ఏం లాభం అన్నా? మనుషులెక్కినాక దిగదా? అందరి బరువూ పెట్టి కొలవాలి."

అందరూ షెడ్డులో కూర్చోవడం కుదరదు కదా. మా కొట్లోంచి సిమెంటు బస్తాలు తెప్పించాడు. ముందు సీట్లలో అమ్మగారికీ మా ఆయనకీ చెరొకటిన్నర, వెనక ఆడపడుచుకి ఒకటి.

"అక్కకెన్నన్నా?"

మా ఆయన తలెత్తకుండా, "రెండెయ్యి," అన్నాడు.

మెకానిక్ నా ముఖం చూసి ఒకటే వేశాడు. కొలిస్తే, మేము ఎక్కినప్పటికంటే వెనక ఎత్తుగా వచ్చింది. ఇంకో అరబస్తా పడేటప్పుడు నేను రోడ్డు మీద బస్సుల్ని చూస్తూ నిలబడ్డాను.

వెనక ఒక పట్టీ తిరిగి వేశాడు. ముందు స్ప్రింగుల కింద రబ్బరు ప్యాకింగులు పెట్టాడు. బండిని నాలుగుసార్లు ఊపి కుదురుకోనిచ్చి, చక్రాల మీద బరువు ఆనిన తర్వాతే బోల్టులు గట్టిగా బిగించాడు. ముందే బిగిస్తే రబ్బర్లు మెలిపడతాయట. బస్తా కింద అణిగిన సీటు కుర్చీతో సమానంగా వచ్చింది. మా ఆయన దూరంగా వెళ్ళి చూసి నిట్టూర్చాడు.

"అందం పోయింది."

"అందం కావాలా, అమ్మ కావాలా అన్నా?"

మా ఆయన జవాబు చెప్పడానికి పట్టిన టైము నేను అత్తగారికి చెప్పలేదు.

మళ్ళీ వెళ్ళాం. ఒక్క పొలంగట్టు లాంటి దాని దగ్గర తప్ప మేము దిగే పని పడలేదు. చిన్నత్తయ్య గేటు ముందు అత్తగారు కాళ్ళు బయటపెట్టింది. ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి సీటు మీద.

"హూఁ."

లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది. ఎవరివంకా చూడకుండా గేటు తోసుకుని లోపలికి నడిచింది. సరిగ్గా అప్పుడే రెండు కంచాలు పట్టుకుని చిన్నత్తయ్య గడపలోకి వచ్చింది.

"అదేంటే, దిగావా? మళ్ళీ కార్లోనే కదా అని అన్నం పెట్టుకొస్తున్నా!"

ఆ కంచాలు అక్కడే అరుగు మీద పెట్టేసి అక్కని వాటేసుకుంది. భోజనాలయ్యాక కారు ఎలా ఉందో చూద్దామని వచ్చి, సీటు మీద కూర్చుని, కాళ్ళు గాల్లో ఊపింది.

"ఎత్తైపోయిందిరా అబ్బాయ్. నాకు నేలందట్లేదు."

మా ఆయన ముఖం వెలిగిపోయింది. "పోనీ పిన్ని కోసం కొంచెం దింపిస్తే..."

"ఒరేయ్," అంది అత్తగారు అరుగు మీంచి.