దేవుని కుండలో బియ్యం

మొన్న మధ్యాహ్నం నా మునిమనవరాలు, ఐదేళ్ల పిల్ల, వంటింట్లో బియ్యం డబ్బా మూత తీసి ఒక పిడికెడు నోట్లో పోసుకుని, రెండు బుగ్గలూ ఉబ్బించుకుని వచ్చి నా ఒళ్లో కూర్చుంది. నములుతూనే ఏదో చెప్పబోయింది. పళ్ల కింద నలిగి పాలు కారే పచ్చి బియ్యపు తియ్యటి వాసన దాని నోట్లోంచి నా ముఖానికి తగిలింది. కడుపునొప్పి వస్తుందని వాళ్లమ్మ అవతల నుంచి కేకలేస్తూనే ఉంది. నాకు అవేమీ వినపడలేదు. నేను డెబ్బై ఏళ్ల వెనక, తిరువూరులో మా తాటాకు పాకలో, ఒక నల్ల కుండ ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాను, నా పక్కన మా చెల్లెలు దీన కూర్చుని ఉంది.

మా క్రైస్తవ పేట ఊరికి ఓ పక్కగా ఎర్రమట్టి దిబ్బ మీద ఉండేది. మా నాన్న ఊళ్లో ఒక షావుకారుగారి నూనె మిల్లుకి ఎడ్లబండి తోలేవాడు. విస్సన్నపేటకో ఎ.కొండూరుకో సరుకు తోలి, రెండు రోజులకోసారి గానుగచెక్క వాసనతో ఇంటికొచ్చేవాడు, అప్పుడప్పుడు పంచె చెంగున ఇంత బెల్లంముక్క ఉండేది. మెట్ట ప్రాంతం కాబట్టి ఏడాదిలో ముప్పాతిక వంతు మాకు జొన్నన్నమే. వేసవిలో దాంట్లో పుల్లమజ్జిగ పోసుకుని పచ్చి మామిడిముక్క ఉప్పులో అద్దుకుని కొరుక్కునేవాళ్లం, వానల్లో గోంగూర, చలికాలంలో ఉడకబెట్టిన కందికాయలు. వరన్నం అంటే క్రిస్మస్సే. ఆ ముందు వారం గోడలకి సున్నం కొట్టి, వెదురుబద్దల నక్షత్రానికి రంగుకాగితాలు అంటించి, పండుగ పొద్దున ఇంటింటా గంజి వారుస్తుంటే పేటంతా ఒకటే వాసన. దీన అన్నం కోసం ఆగేది కాదు, ఉప్పేసిన వేడి గంజి గిన్నెడు తాగి, పండుగ అయిపోయిందని ప్రకటించేది.

ఆ రోజుల్లో మా పేటలో ప్రతి ఇల్లాలూ ఎసరు పెట్టినప్పుడల్లా, వండబోయే దాంట్లోంచి ఒక పిడికెడు తీసి దేవుని పేరున వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ కుండలన్నీ మా గుడికి, అంటే ప్రార్థన మందిరానికి వచ్చేవి, అక్కడ ఒక పెద్ద గంపలో ఒంపేవారు, గుడి నడిపే ఉపదేశిగారి కుటుంబమూ పేటలో దిక్కులేని ముసలివాళ్లూ దాంతోనే వారమంతా గడుపుకునేవారు. జొన్నలు వండే ఇంటివాళ్లు జొన్నలే వేయొచ్చు, ఎవరూ ఏమీ అనరు. మా అమ్మ దగ్గర ఆ బేరం కుదరదు. "మనం ఏం తింటే ఏంటి, ఆయనకి జొన్నలు పెడతామా?" అనేది. వారానికి రెండు రోజులు షావుకారుగారింట్లో వడ్లు దంచడానికి వెళ్లి, కూలి కింద దోసెడు బియ్యం తెచ్చేది, ఆ దోసెడూ నేరుగా దేవుని కుండలోకే పోయేది. బియ్యం పోసి, అరచేత్తో పైన చదును చేసి, చూపుడువేలితో చిన్న శిలువ గీసి, కళ్లు మూసుకుని పెదాలు కదిపి, కొబ్బరిచిప్ప మూత పెట్టేది. అమ్మ దంచిన వాసన, తవుడు వాసన, ఆ కుండ చుట్టూ ఎప్పుడూ ఉండేది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు, దీనకి ఐదు. ఆ ఏడు వానలు మొదలయ్యాక అమ్మ కలుపుకి పోతుంటే దీనని చూసుకోవడం నా పని. పాకలో చింతగింజలాట ఆడీ ఆడీ విసుగొచ్చి, ఆకలి వేసి, ఒకరోజు చిప్ప తీశాను. మొదట నేనే నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాను. దీన చూసి చేయి చాపింది, దాని చేతిలో కూడా పోశాను. తిన్నాక అమ్మ చేసినట్టే పైన చదును చేసి, శిలువ గీసి, మూత పెట్టాను. మర్నాడు దీన తనే కుండ దగ్గరికి వెళ్లి నాకోసం చూస్తూ కూర్చుంది. అలా ఓ నెల గడిచింది. అంత తియ్యటి తిండి నేను మళ్లీ ఎక్కడా తినలేదు, అబద్ధమెందుకు చెప్పాలి.

అప్పుడొచ్చింది ఆ ఆదివారం. ముసురు పట్టి ఉంది, గుడి కప్పు తడిసి తాటాకు ముక్కవాసన వేస్తోంది. మా ఉపదేశిగారు బక్కపలచటి మనిషి, మాకు అక్షరాలు దిద్దించినవాడు, మా వీపు మీద ఏనాడూ దెబ్బ వేయనివాడు. ఆయన ఆ రోజు, దేవుడికిస్తామన్న దాంట్లో కొంత దాచుకుని అబద్ధమాడినందుకు నిలుచున్న చోటే పడి చచ్చిపోయిన భార్యాభర్తల సంగతి చెప్పారు. తర్వాత తీర్పు దినం గురించి చెప్పారు. బూర మోగుతుందట, సమాధులు తెరుచుకుంటాయట, గొర్రెలు కుడి పక్కకీ మేకలు ఎడమ పక్కకీ పోతాయట, ఎడమ పక్కవాళ్లకి ఆరని అగ్గి. మా గుడిలో మగవాళ్లు కుడి పక్కన, ఆడవాళ్లం ఎడమ పక్కన చాపల మీద కూర్చునేవాళ్లం. ఒకసారి చుట్టూ చూసి, మమ్మల్ని అప్పుడే విడదీసేశారని అనుకున్నాను.

దీన నా చెవి దగ్గరికి వచ్చింది. "అక్కా, మనం కూడా చచ్చిపోతామా?"

"మనం కొంచెమే తిన్నాంలే," అన్నాను.

ఆ సాయంత్రమే దానికి జ్వరం వచ్చింది. సోమవారం మామూలు జ్వరమేనని అమ్మ వడ్లు దంచడానికి వెళ్లొచ్చి, తెచ్చిన దోసెడు కుండలో పోసింది. మంగళవారానికి పిల్ల లేవలేదు. నాన్న ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకెళితే సన్నిపాత జ్వరమని చెప్పి, సీసాలో ఎర్రమందు ఇచ్చి పంపారు. నాకు మాత్రం అది ఏ జ్వరమో తెలుసు. తప్పు ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడని కూడా ఉపదేశిగారే చెప్పారు కాబట్టి, నేను అమ్మతో ఒక్క మాట చెబితే దీన లేచి కూర్చుంటుందని నా నమ్మకం. ఆ ఒక్క మాట నోటి దాకా వచ్చేది. అమ్మ ముఖం చూస్తే లోపలికి పోయేది. వాకిలి ఊడ్చేటప్పుడు చెబుదాం, నీళ్లు తెచ్చేటప్పుడు చెబుదాం, రేపు చెబుదాం, అలా గురువారం దాకా వచ్చింది.

గురువారం పొద్దున దీన కళ్లు తెరిచి, వరన్నం కావాలని అడిగింది. నాన్న బండితో ఊళ్లో లేడు. అమ్మ చాలాసేపు గుంజకి ఆనుకుని నిలబడింది. నేను ఇక చెప్పేయాలని గట్టిగా అనుకుని లోపలికి అడుగుపెట్టేసరికి, అమ్మ దేవుని కుండ ముందు కూర్చుని, శిలువ గీసి ఉన్న బియ్యాన్ని రెండు చేతులా చేటలోకి తీస్తోంది. నన్ను చూసి ఉలిక్కిపడింది. మా అమ్మ నన్ను చూసి భయపడటం అదే మొదటిసారి.

"ఎవరితో అనమాకే, శాంతా," అంది.

నేను తల ఊపాను. పొయ్యిలోకి పుల్లలు తెచ్చి ఇచ్చాను. దీన రెండు ముద్దలు తింది. శనివారం మధ్యాహ్నం, వాన కాస్త తెరిపిచ్చి ఎండ వచ్చిన వేళ, అమ్మ ఒళ్లో పోయింది. నాన్న వచ్చేసరికి వాగు ఒడ్డున సమాధుల దగ్గర గొయ్యి తవ్వడం కూడా అయిపోయింది. ఆయన ఎడ్లని కాడి నుంచి విప్పకుండా బండి పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు. ఎవరో వచ్చి విప్పారు.

మా సంఘంలో తప్పు చేసినవాళ్లు అందరి ముందూ నిలబడి ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే కొన్నాళ్లు వెనక చాప మీద కూర్చోబెట్టేవారు, ప్రభువు బల్ల దగ్గర రొట్టె ఇచ్చేవారు కాదు. తర్వాతి ఆదివారం ప్రార్థన మధ్యలో అమ్మ లేచి నిలబడింది.

"నేను దేవుడి బియ్యం తీసి వండాను. అందుకే ఆయన నా బిడ్డని తీసుకున్నాడు," అంది.

ఏడవలేదు. ఉపదేశిగారే కళ్లు తుడుచుకుని, "కూర్చో తల్లీ," అన్నారు. నేను అమ్మ కొంగు పట్టుకుని ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను. జ్వరం ఆదివారం వచ్చింది, అమ్మ బియ్యం తీసింది గురువారం. అంతమంది పెద్దల్లో ఒక్కరూ ఆ మాట అనలేదు. నేను అనొచ్చు. లేచి నిలబడితే చాలు. నేను లేవలేదు.

పెద్దలు మూడు నెలలన్నారు. ఆ మూడు నెలలూ అమ్మతోపాటు నేనూ వెనక చాప మీదే కూర్చున్నాను. ఎంత మంచి పిల్లో, తల్లిని ఒంటరిగా వదల్లేదని పేటలో ఆడవాళ్లు నా బుగ్గలు పుణికేవారు. అంతకన్నా పెద్ద శిక్ష ఏ దేవుడూ వేయలేడు.

శిక్ష గడువు తీరాక రొట్టె ఇచ్చారు, తీసుకుంది. వరన్నం మాత్రం అమ్మ మళ్లీ ముట్టలేదు. ఆ క్రిస్మస్‌కి ముట్టలేదు, నా పెళ్లి పందిట్లో ముట్టలేదు, ఊళ్లో చవక బియ్యం వచ్చి జొన్నలే కరువైపోయినా, దుకాణాలన్నీ తిరిగి జొన్నలు వెతికి తెచ్చుకుని వండుకుంది. అడిగినవాళ్లకి బియ్యం అరగదని చెప్పేది. ఆమె కంచంలో ఆ జొన్నముద్ద చూస్తూనే నేను వరన్నం తినేదాన్ని. దేవుడి మీద నాకు కోపం కూడా వచ్చేది. ఇన్ని మేడలు కట్టినవాళ్లని వదిలేసి, ఒక ఐదేళ్ల పిల్ల నోట్లో పిడికెడు గింజల కోసం వెతుక్కుంటూ వచ్చాడా? పెద్ద పెద్ద పాస్టర్లని అడిగాను. మంచి మంచి సమాధానాలు చెప్పారు.

అమ్మకి చివరి ఏడాది వచ్చేసరికి నాకే మనవలున్నారు. ఒక వేసవి మధ్యాహ్నం ఆమె కాళ్లకి నూనె రాస్తూ, ఆమె ముఖం వైపు చూడకుండా, మొత్తం చెప్పేశాను. కుండ సంగతీ, దీన చేతిలో నేనే పోయడం, గుడిలో లేవకపోవడం.

"తెలుసే," అంది అమ్మ, కప్పుకేసి చూస్తూ. "నేను శిలువ గీత చిన్నగా గీసేదాన్ని. నువ్వు బారెడు గీసేదానివి."



"మరెందుకమ్మా నువ్వు లేచావు?"

"ఒక పిల్ల పోయింది. రెండోదాన్ని చూపించి, ఇది కూడా తిందని ఎట్టా చెబుతానే? తప్పు నాదంటే ఆయన నీ జోలికి రాడనుకున్నా. ఆదివారం జొరమొస్తే గురువారం తీసిన బియ్యానికి ఎట్టా అవుద్దని ఎవరైనా అడుగుతారేమోనని భయపడ్డా. ఎవరూ అడగలా."

ఒకరి పాపం ఇంకొకరు మోయడం గురించి అప్పటికి వందల ప్రసంగాలు విని ఉన్నాను. ఆ నూనె గిన్నె ముందు కూర్చుని మొదటిసారి అర్థమై, ముసలిదాన్ని, చిన్నపిల్లలా ఏడ్చాను.

ఇప్పుడు గుడికి శ్లాబు వేశారు, మైకులున్నాయి, పిడికెడు బియ్యం బదులు కవర్లు ఇస్తున్నారు. జొన్నచేలున్న చోట మామిడితోటలు. వాగు ఒడ్డున సమాధులు పెరిగీ కూలీ, దీన ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలిగినవాళ్లు ఎవరూ లేరు, నాతో సహా. అమ్మ కుండ ఎప్పుడు పగిలిందో గుర్తు లేదు.

మొన్న మునిమనవరాలిని వాళ్లమ్మ కొట్టబోతే చేయి అడ్డం పెట్టి, "తిననీవే, బియ్యమేగా," అన్నాను. పిల్ల నవ్వి, ఇంకో నాలుగు గింజలు నోట్లో వేసుకుని ఆడుకోవడానికి పరుగెత్తింది. ఆ తీర్పుని నేను నమ్మడం మానేసి చాలా ఏళ్లయింది. అయినా ఆ సాయంత్రం దాకా పిల్లని పదే పదే దగ్గరికి పిలిచి, ఏదో ఒక వంక పెట్టి, నుదుటి మీద చేయి వేసి చూస్తూనే ఉన్నాను.