మార్కు సూడాల

టెన్నిస్ కోర్టులో పుంగనూరు ఆదెప్ప నోటి నుంచి 'సరే' అన్న మాట ఎవరూ వినలేదు. బంతి గీత మీద పడినా అనుమానమే, గీతకు మూరెడు లోపల పడినా అనుమానమే. చెయ్యి పైకెత్తి "మార్కు సూడాల" అనేవాడు. ఇక ఆట ఆగినట్టే.

మార్కు చూడటం ఆయనకు పెద్ద తంతు. ముందు రాకెట్టును పసిబిడ్డలా నేలమీద పడుకోబెట్టేవాడు. జేబులోంచి చేతిగుడ్డ తీసి, మడతలన్నీ విప్పి, దులిపి, ఎర్రమట్టి మీద పరిచేవాడు. తెల్ల ప్యాంటు మాయకూడదు కదా. గుడ్డ మీద కుడి మోకాలు, కొంతసేపటికి ఎడమ మోకాలు. తర్వాత ముక్కు మట్టికి తగిలేదాకా వంగి బంతి పడిన గుర్తును చూసేవాడు. ఇంతా చేసి, లేచి, మోకాళ్లు దులుపుకుని, "లోపలే. నీదే" అని పాయింటు ఎదుటివాడికే ఇచ్చేవాడు. ఆ ముక్క ముందే అనొచ్చు కదా అని అంపైర్లు జుట్టు పీక్కునేవాళ్లు.

సోమల ఊళ్లో ఒకసారి ఆయన గుడ్డ పరిచేలోపు ఎవరిదో పొట్టి ఆవు కోర్టుకు అడ్డంగా నడిచిపోయింది. నేలంతా గిట్టల గుర్తులే.

"ఇంకేం సూస్తావప్పా, లెయ్" అన్నాడు అంపైరు.

"ఆవు కాలి గుంతా బంతి మార్కూ ఒగటేనా? నిదానంగా ఏరాల."

ఇరవై నిమిషాలు ఏరాడు. ఆయనతో ఆడుతున్న యాభై ఏళ్ల హెడ్మాస్టరు ఆలోగా నీడలో కూర్చుని, చెంబెడు మజ్జిగ తాగి, మనిషై వచ్చాడు. ఆదెప్ప ఆ పాయింటూ ఇచ్చాడు, సెట్టూ ఓడిపోయాడు.

"పెండ్లిసూపుల్లో నన్ను గూడా ఇట్లే సూసింటే లేసి ఎలబారిపొయ్యుందును" అనేది ఆయన భార్య ఆదెమ్మ.

అందరూ నవ్వుకునే ఈ అలవాటును కుప్పం గోపాలస్వామి ఒక్కడే క్షమించలేదు. 1990లో మదనపల్లె క్లబ్బులో జిల్లా ఫైనల్ ఈ ఇద్దరికే పడింది. బెంగుళూరు కంపెనీ ఒకటి ఆటగాళ్లకు ఉద్యోగాలిస్తుందని, వాళ్ల మనిషి ముందు వరసలో కూర్చున్నాడు. గోపాలస్వామికి చిన్నప్పటి నుంచి ఆయాసం. ఆ సంగతి ఆ పెద్దమనిషికి తెలిస్తే ఉద్యోగం గోవిందా. పళ్లు బిగించి ఆడుతున్నాడు. సరిగ్గా ఆఖరి గేములో ఆదెప్ప చెయ్యి లేచింది. ఏడు నిమిషాలు! గోపాలస్వామి తువ్వాలు ముఖం మీద కప్పుకుని కూర్చున్నాడు. ఆట మళ్లీ మొదలయ్యాక రెండు బంతుల్లో గెలిచాడు. ఉద్యోగం వచ్చింది.

అయినా ముప్పై అయిదేళ్లుగా ఒకటే మాట. "నా ఊపు చెడగొట్టాలనే ఆపినాడు. గెలిచినాను గాబట్టి సరిపొయ్యె."

మొన్న క్లబ్బువాళ్లు ఎర్రమట్టి కోర్టు తీసేసి, నీలంరంగు సింథటిక్ కోర్టు వేయించారు. ప్రారంభానికి పాత చాంపియన్లిద్దరితో ఒక సెట్టు ఆడిద్దామని సెక్రటరీ జగదీష్ ఫోన్ చేశాడు. గోపాలస్వామి ఎగిరి గంతేశాడు. ఆయన భార్య ఉషారాణి ఎగరలేదు.

"ఆడు, ఒద్దనను. ఒక్కసారి ఎదురొమ్ము పట్టుకున్నావా, నేనే లోపలికొచ్చి చెయ్యి పట్టుకుని ఎలబారదీస్తా. నాలుగూర్ల జనం ముందర."

అన్నట్టుగానే అంపైరు కుర్చీ పక్కనే, మందుల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గోపాలస్వామికిప్పుడు గెలుపు అక్కర్లేదు. సెట్టు చివరిదాకా తన కాళ్లమీద నిలబడితే చాలు.

ఆదెప్ప బొజ్జతో, మోకాలి పట్టీతో, మెడలో తాడుకు కట్టిన కళ్లజోడుతో దిగాడు.

"ఏం సామీ, బాగుండావా?"

"ఆడేదానికొచ్చినావా, ఎతికేదానికొచ్చినావా?" అన్నాడు గోపాలస్వామి.

చెరి నాలుగు గేములయ్యాయి. తర్వాతి పాయింటు తెగలేదు. బంతి ఇటు, అటు, మళ్లీ ఇటు. చివరికి గోపాలస్వామి కొట్టిన దెబ్బకు అది అవతల గీతకు గజం లోపల పడి దూసుకుపోయింది. జనం చప్పట్లు కొట్టారు. గోపాలస్వామికి ఊపిరి అందడం లేదు. చెయ్యి దానంతటదే గుండె మీదికి పోతోంది. ఉషారాణి సంచి సర్దుకుని లేవబోయింది.

"మార్కు సూడాల!"

జనం గొల్లుమన్నారు. ఆదెప్ప రాకెట్టు పడుకోబెట్టాడు. చేతిగుడ్డ తీశాడు. విప్పాడు. దులిపాడు.

"సార్, ఇది సింథటిక్ కోర్టు. దీనిమీద మార్కు పడదు సార్" అన్నాడు అంపైరు కుర్చీలోంచి జగదీష్.

"పడకపోతే ఇంకా నిదానంగా ఎతకాల గదప్పా."

ఉషారాణి కూడా నవ్వి, మళ్లీ కూర్చుంది. గోపాలస్వామి నెట్టు పట్టుకుని, తల వంచి, గాలి పీల్చుకున్నాడు. తిట్టడానికని తలెత్తాడు. ఆదెప్ప మోకాళ్ల మీద వంగే ఉన్నాడు. కళ్లజోడు మాత్రం ఛాతీ మీదే వేలాడుతోంది. ఆయన గీత వంక చూడటం లేదు. నెట్టు సందుల్లోంచి గోపాలస్వామి రొమ్ము వంక చూస్తున్నాడు, అది ఎగిరిపడటం తగ్గిందా లేదా అని.

చూపులు కలిసేసరికి ఆదెప్ప గబుక్కున కళ్లజోడు పెట్టుకుని నేలకేసి చూశాడు. "లోపలే. నీదే."

గోపాలస్వామి నెట్టు మీదుగా ముందుకు వంగాడు. "తొంభైలో గూడా ఇంతేనా?"

"అప్పుడా? అప్పుడు నిజంగానే అనుమానం."

"ఏడు నిమిషాలా?"

"పెద్ద అనుమానం సామీ. పో, సర్వీసు ఎయ్యి."

ఆట సాగింది. గోపాలస్వామికి అయిదు గేములు, ఆదెప్పకు నాలుగు. గెలుపు ఒక్క పాయింటు దూరంలో ఉండగా గోపాలస్వామి బంతిని మూలకు కొట్టాడు. ఆదెప్ప రెండడుగులు పరిగెత్తి, పట్టీ ఉన్న మోకాలు పట్టుకుని వంగిపోయాడు. జగదీష్ గెలుపు ప్రకటించడానికి మైకు తీశాడు. అవతల ఫోటోలకూ శాలువాలకూ జనం లేస్తున్నారు.

"ఆగండి!" గోపాలస్వామి చెయ్యెత్తాడు. "మార్కు సూడాల."

"సార్, కొట్టింది మీరే. గెలిచింది మీరే!"

"అందుకే అనుమానం."

ఆయన నెట్టు చుట్టి అవతలికి నడిచాడు. జేబులోంచి చేతిగుడ్డ తీసి, మడతలు విప్పి, దులిపి, పరిచి, దాని మీద ఆదెప్పను కాళ్లు చాపి కూర్చోబెట్టాడు. తను పక్కన మోకాళ్లూని, మచ్చ లేని నీలం నేలను వేలితో తడుముతూ పోయాడు.

"ఏం ఎతుకుతాండారు మీరిద్దురూ?" అని అరిచింది ఉషారాణి.

"ఉండమ్మీ, దొరికేటట్టే ఉండాది."

కాసేపటికి ఆదెప్ప మోకాలు మడిచి చూసుకున్నాడు. పర్వాలేదు.

"లోపలే సామీ. నీదే" అన్నాడు లేవబోతూ.

గోపాలస్వామి ఆయన భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"యాల అంత తొందర? ఇంగోసారి సూడు."