శని, ఆదివారాల స్పెషల్ సర్వీసు

మా బాపు బక్కయ్య ‘రైట్’ అనకపోతే మా ఇంట్లో ఏదీ కదిలేది కాదు. ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్ళు కండక్టరు. రిటైరైన రోజు టికెట్ల మిషను డిపోలో అప్పజెప్పి వచ్చాడు గానీ, కండక్టరుతనాన్ని మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. కుక్కర్ దించాలంటే ‘హోల్డాన్’. అన్నానికి కూర్చుంటే ‘జరగాలె, జరగాలె, ముంగటికి జరగాలె’. చర్చిలో బెంచీ మీద ఇద్దరు ఎడంగా కూర్చుంటే ఆయనకు ప్రాణం ఊరుకునేది కాదు, మధ్యలో మూడో మనిషిని ఇరికించేదాకా. పాస్టరుగారు ప్రార్థన ముగించి ‘ఆమెన్’ అనగానే, బాపు నోట్లోంచి మెల్లగా ‘రైట్’ అని జారేది.

ఆయన పోయి ఏడాది దాటింది. మా పిల్లలు ఇప్పటికీ అన్నం ముందు కూర్చుని, ఎవరూ చెప్పకుండానే ముందుకు జరుగుతారు.

మా ఆయన ఉద్యోగం బోథ్‌లో, రెండు వారాలకోసారి వస్తాడు. నేను కరీంనగర్‌లో నర్సును, ఆదివారాలు కూడా డ్యూటీ పడుతుంది. అయినా పిల్లలకు ఏ క్లాసూ తక్కువ చేయలేదు. పదకొండేళ్ళ స్తుతికి ఈత, కీబోర్డు, డ్రాయింగ్. ఏడేళ్ళ జాన్సన్‌కు కరాటే, అబాకస్, స్కేటింగ్. ఇద్దరికీ కలిపి సండే స్కూల్. ఇన్నిటినీ రెండు రోజుల్లో ఎట్లా తిప్పాలో తెలియక నేను తల పట్టుకుంటే, బాపు కళ్ళు మెరిశాయి.

“ఏడు ట్రిప్పులు. గింతేనా?”

తెల్లారేసరికి వంటింటి తలుపు మీద చార్టు వెలిసింది. ఇల్లు 6.40, ఈత 6.55, స్కేటింగ్ 7.10. అడుగున ఎర్ర సిరాతో ఒక హెచ్చరిక: ‘పిల్లల తల్లి వల్ల జరిగే ఆలస్యానికి సంస్థ బాధ్యత వహించదు.’

సంస్థకు ఒకటే లోటు. బాపుకు బండి నడపడం రాదు. “గది డ్రైవర్ పని బిడ్డా” అనేవాడు, మా వంశంలో అట్లాంటి పనులు ఎవరూ చేయరన్నట్టు. అందుకని మా గల్లీ చాంద్‌పాషా ఆటోను మాట్లాడాం. చాంద్‌పాషాకు ఆ ఆటో అంటే కన్నబిడ్డ. పొద్దున దానికి స్నానం చేయించాకే తాను చేసేవాడు.

“బక్కన్నా, ఆటోల కండక్టర్ ఏందన్నా? జనం నవ్వుతున్నరు.”

“రెండు చక్రాలకు డ్రైవర్ ఒక్కడు సాలు. మూడో చక్రం వచ్చిందంటే కండక్టర్ ఉండాలె. రూల్.”

“ఏ పుస్తకంల ఉన్నదే గీ రూల్?”

“నువ్వు ముంగట సూడు. బండి నడిపేటోడు కండక్టర్‌తోని ముచ్చట పెట్టొద్దు. గది సుత రూలే.”

మైదానం రాగానే “స్కేటింగ్! స్కేటింగ్! దిగేటోళ్ళు డోర్ కాడికి రావాలె!” అని కేక. ఆటోకు డోరే లేదు. ఆ కేక విని, సిగ్నల్ దగ్గర ఎవరో సంచితో పరుగెత్తుకొచ్చి “హుస్నాబాద్ పోతదా?” అని అడిగేవారు. బాపు వాళ్ళను కసురుకునేవాడు కాదు. ఏ బస్సు ఎన్ని గంటలకో, ఏ ప్లాట్‌ఫారమో చెప్పి పంపేవాడు. ఈలోపు సిగ్నల్ రెండుసార్లు పడేది.

తలలు లెక్కపెట్టడంలో ఆయనను మించినవాడు లేడు. మొహాలు చూసే అలవాటే లేదు. ఒక శనివారం స్తుతినీ, కరాటే బట్టల్లో ఉన్న ఇంకెవరి పిల్లాణ్ణో తీసుకొచ్చాడు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆ పిల్లాడు మా ఇంట్లో మూడో దోసె తింటున్నాడు.

“బాపూ! జాన్సన్ ఏడి?”

“ఎక్కిచ్చింది ఇద్దర్ని, దించింది ఇద్దర్ని. నా లెక్క బరాబర్ ఉన్నది.”

జాన్సన్‌ను కరాటే క్లాసు నుంచి తెచ్చుకున్నాక ఆ పిల్లాణ్ణి అడిగితే, “తాత రైట్ అన్నడు, ఎక్కిన” అన్నాడు.

ఇట్లా నడుస్తుండగా స్తుతి కీబోర్డు పరీక్ష వచ్చింది. ఆదివారం పదకొండు గంటలకు. పరీక్ష పెట్టే ఆయన హైదరాబాద్ నుంచి ఏడాదికి ఒక్కసారే వస్తాడు. ఆ రోజు తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి. రెండేళ్ళుగా నేర్చుకుంటోంది. నాకెంత ఆశంటే, సర్టిఫికెట్ తగిలించడానికి గోడకు మేకు కూడా కొట్టేశాను.

“ఫికర్ చేయకు. ముప్పై ఒక్క ఏళ్ళల్ల నా సర్వీస్ ఒక్క నిమిషం లేటు కాలే” అన్నాడు బాపు.

నేను ఆసుపత్రిలో పర్మిషన్ తీసుకుని పరీక్ష హాలుకు పరుగెత్తాను. స్తుతి లేదు. పేరు రెండుసార్లు పిలిచారు. బాపుకు ఫోన్ చేస్తే ఎత్తడు, డ్యూటీలో ఎత్తకూడదని రూలు. నేను బతిమాలితే లిస్టులో ఆఖరుకు జరిపారు. పన్నెండుంబావుకు వచ్చింది ఆటో, ఏ కేకా లేకుండా.

“బండి ఖరాబైంది బిడ్డా. మానేరు డ్యాం కట్ట మీద ఆగింది” అన్నాడు బాపు, నా మొహం చూడకుండా. స్తుతి గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

నా కోపమంతా చాంద్‌పాషా మీద పడింది. అక్కడున్న పదిహేనుమంది తల్లిదండ్రుల ముందు దులిపేశాను. “ఇది బండేనా? తుప్పురేకు డబ్బా! పాత సామాన్లోనికి ఎయ్యరాదూ?” చాంద్‌పాషా భుజం మీది తువ్వాల పిండుకుంటూ, బాపు వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను ఆగలేదు. “దీంట్ల అసలు ఇంజన్ ఉన్నదా?”

అంతే.

“బస్ చెల్లే! నన్ను తిట్టు, పడ్త. నా ఇంజన్‌ను అంటే ఊకోను! బండికి ఏం కాలే! బక్కన్ననే గట్ల చెప్పుమన్నడు. నోరు తెరవనని మాటిచ్చిన గని, ఇగ నాతోని కాదు!”

జరిగింది అతనే చెప్పాడు. దారిలో స్తుతికి పరీక్ష భయం పట్టుకుంది. “తాతా, నేను వాయించ. అమ్మ తిడ్తది” అని ఏడ్చింది. బాపు ‘హోల్డాన్’ అన్నాడు. ఆటో ఆగింది. “బండి ఖరాబైంది. ఇగ నువ్వు పోకున్నా నీ తప్పు లేదు. ఎవలన్న తిడ్తే బండిని తిడ్తరు” అన్నాడు. అందరూ కట్ట మీద కూర్చుని పల్లీలు తిన్నారు. జాన్సన్ బర్రెలకు కరాటే చూపించాడు. గంట గడిచాక స్తుతే లేచి, “తాతా, బండి బాగైందేమో సూడు” అంది.

నేను బాపు వైపు తిరిగాను. “నీ ముప్పై ఒక్క ఏళ్ళ రికార్డు పాయె కద బాపూ” అన్నాను.

“రికార్డ్ ఏడిది బిడ్డా?” అన్నాడు బాపు సిగ్గుపడుతూ. “ముసలోళ్ళు ఎక్కుతుంటరు, సంకల పిల్లతోని తల్లులు దిగుతుంటరు. సరిగ కూసోకముందే రైట్ అంటే పడ్తరు. నా హుస్నాబాద్ బండి ఏనాడు టైముకు పోలే. ఎన్ని మెమోలు ఇచ్చిన్రో డిపోల అడుగు.”

అప్పుడే స్తుతి బయటికొచ్చింది. “ఒక్క కాడనే తప్పు పోయింది” అంటూ, ఏదో గెలిచినట్టు ఆటో ఎక్కి కూర్చుంది. నేనూ ఎక్కబోతే చాంద్‌పాషా అడ్డం నిలబడ్డాడు.

“అందరి ముంగట తిట్టినవ్ చెల్లే. అందరి ముంగటనే వాపస్ తీసుకోవాలె.”

చేసేది లేక, పదిహేనుమంది ముందు ఆటో మీద చెయ్యేసి చెప్పాను. “గీ బండి మంచిది. దీనికి ఏ రోగం లేదు. ఇంజన్ ఉన్నది.”

ఆటోలోంచి బాపు తల బయటపెట్టాడు.

“జర గట్టిగ చెప్పు బిడ్డా. ఎనుక సీటోళ్ళకు వినబడలే.”