అటు వరస

ఆ ప్రయోగశాలలో గాజు సీసాలు కడిగే మనిషిని అందరూ బాబాయి అనే పిలిచేవారు. వయసులో ఆయనకన్నా పెద్దవాడైన పెద్ద సారు కూడా అంతే. బాబాయి కడిగిన సీసా తళతళలాడేది. నోరు మాత్రం ఊరుకునేది కాదు. ఎండిన ఆకులూ వేళ్లూ సంచుల్లో దిగినప్పుడల్లా, ఇవాళేం కూరని అడిగేవాడు.

అక్కడి పని చెప్పడానికి తేలికే గానీ చేసేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. మొక్కల్లోంచి సారం తీయాలి, అందులోని పదార్థాలను ఒక్కొక్కటిగా విడదీయాలి, వాటిని రక్తక్యాన్సర్ కణాల మీద వేసి చూడాలి. కణాలు చచ్చాయి కదా అని సంబరపడటానికి లేదు. అదే పదార్థాన్ని ఆరోగ్యవంతుడి రక్తంలోని తెల్లకణాల మీదా వేయాలి. అవి బతికితేనే మందు, లేకపోతే విషం. అందుకే పరీక్ష పళ్లెంలో ఇటు వరస ఆరోగ్యానిది, అటు వరస జబ్బుది.

ఇటు వరసకు రక్తం ఇచ్చేది బాబాయే. సూది కనిపిస్తే మిగతావాళ్లకు ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి. ఆయన మాత్రం చొక్కా చెయ్యి మడిచి దర్జాగా కుర్చీలో కూర్చునేవాడు. తన రక్తం ముందు నెగ్గిన మందే మందని ఇంట్లో భార్య దగ్గర గొప్పలు పోయేవాడు.

రక్తం తీసి పరీక్షలు చేసేది ఒక అమ్మాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో సీసా పగలగొట్టి బిక్కచచ్చిపోతే, గాజుముక్కలు ఏరి ఊరడించింది బాబాయే. గొట్టంలో రక్తం పోసి యంత్రంలో గిర్రున తిప్పితే ఎర్రకణాలు అడుక్కి దిగి, పైన తెల్లకణాలు పొరగా తేలతాయి. ఆ పొర ఎప్పుడూ దారమంతే ఉండేది. పరీక్షలకు చాలక ఆమె నానా తంటాలు పడేది. ఒకసారి కాస్త మందంగా వచ్చింది.

"బాబాయ్, ఈసారి పంట బాగా పండింది," అంది సంబరంగా.

ఆయన పొంగిపోయి, అంతా మీ పిన్ని చేతి వంట మహిమేనన్నాడు. ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోందని కూడా అన్నాడు. ఆ మాట ఆమె చెవిన పడింది గానీ మనసుకెక్కలేదు. కణాలు ఎక్కువ దొరికితే సంతోషించడమే అక్కడ అందరి అలవాటు.

తర్వాతిసారి పొర వేలి మందాన వచ్చింది. ఆమె సంబరపడలేదు. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. రోజూ తాను సీసాల్లో పెంచే జబ్బు కణాల్లాంటివే, పెద్దవి, గుండ్రటివి, కిక్కిరిసి ఉన్నాయి. గొట్టాలు తారుమారయ్యాయేమో, అయితే బాగుండునని దండం పెట్టుకుంది. కాలేదు. అవి బాబాయివే. పక్కగదిలో ఆయన కూనిరాగం తీస్తూ సీసాలు కడుగుతున్నాడు. ఆమె ఆ గొట్టం పట్టుకుని పెద్ద సారు గదికి నడిచింది.

ఆసుపత్రి మందులు కొన్నాళ్లు పనిచేసి తర్వాత చేతులెత్తేశాయి. ఒక మధ్యాహ్నం బాబాయి, తన భార్య భుజం పట్టుకుని ప్రయోగశాలకు వచ్చి, తన కుర్చీలోనే కూర్చున్నాడు. ఆ ఆకుల్లో తనకు పనికొచ్చేదేదన్నా ఉందా అని అడిగాడు. ఆ అమ్మాయికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఒక వేరులోని పదార్థం పళ్లెంలో బాగానే పనిచేస్తోందనీ, మనిషికి ఇవ్వాలంటే ఇంకా ఏళ్లు పడుతుందనీ చెప్పింది.

"ముందుసారే అనుమానపడాల్సింది బాబాయ్. నేను సంబరపడ్డాను."

"నేనూ పడ్డానుగా," అన్నాడాయన.

భార్య మొహం తిప్పుకుంది. బాబాయి ఎప్పటిలాగే చొక్కా చెయ్యి మడిచి, పుల్లలాంటి చేతిని బల్ల మీద చాపాడు.

"తియ్యమ్మా. ఈసారి అటు వరసలో వెయ్యి."