గడప దాటని జట్టు

సుందరరాజు గోల్ వేయడు. ఈ ఒక్క ముక్క తెలిస్తే ఆ మనిషి ముప్పాతిక భాగం తెలిసినట్టే. వేయలేడా, వేయడా అన్నది మాత్రం మా ఊరు నగరిలో ఏడాది పాటు తెగని తగువు.

కాళ్ళతో ఆడే ఫుట్‌బాల్ కాదులెండి. యాభై రెండేళ్ళ సుందరరాజు చివరిసారి పరిగెత్తింది చెన్నై రైలు కోసం. అదీ అందలేదు. ఇది ఫోన్‌లో ఆడే మేనేజరు ఆట. ఇందులో బంతిని మనం తన్నం. పదకొండు మందిని ఏరుకొని, ఎవడు ముందుకు ఉరకాలో, ఎవడు వెనక కాపు కాయాలో చెప్పి పంపుతాం. తొంభై నిమిషాల ఆటను పది నిమిషాల్లో వాళ్ళే ఆడేస్తారు. మనం చూస్తూ అరుస్తాం. మరమగ్గాల వాళ్ళం, తెలిసిన వాళ్ళం ఎనిమిది మందిమి కలిసి ఒక లీగు పెట్టుకున్నాం. వారానికి రెండు మూడు రోజులు సాయంత్రం ఆరింటికి ఆట, ఒక్కొక్కరితో నాలుగేసిసార్లు. నాది మగ్గాల మోటార్లు బాగుచేసే పని. ఎవరూ నేర్పలేదు, విప్పి బిగించి నేర్చుకున్నాను. లీగు నడిపే పని కూడా అలాగే నా నెత్తిన పడింది.

ఆ ఆటలో ఒక గీత ఉంటుంది. ఒక కొసన కాపు, ఇంకో కొసన దాడి. వేలితో మధ్యలో ఎక్కడో ఒకచోట ఆపాలి. ఎక్కడ ఆపాలన్నదే మేనేజరు పనితనం. మేమంతా ప్రతి ఆటకూ అటో వెంట్రుక, ఇటో వెంట్రుక జరుపుతూ తల బద్దలు కొట్టుకునేవాళ్ళం. సుందరరాజుకు ఆ బాధే లేదు. గీతను కాపు కొసకు లాగి, ఇంకా జరుగుతుందేమోనని మరో రెండుసార్లు లాగేవాడు. తొమ్మిది మంది గోల్ ముందు గోడ కట్టేవారు. ముందు ఒక్కడే. వాడు తోడు లేక అవతలి గోల్‌కీపరుకు చుట్టమైపోయాడని మేం చెప్పుకునేవాళ్ళం.

"రాజన్నా, ఇంకో ఇద్దర్ని ముందుకు పంపకూడదా?" అని అడిగాను ఒకరోజు, ఆయన మగ్గం కింద పడుకొని మోటారు విప్పుతూ.

"పడుగు తెగితే పేక యాడ ఉరికేదప్పా?" అన్నాడు.

నేత ఊళ్ళో దీనికి అర్థం చెప్పనక్కర్లేదు. నిలువుగా బిగించి ఉండేది పడుగు, అడ్డంగా ఉరికేది పేక. ఆయన లెక్కలో కాపు కాసేవాళ్ళు పడుగు, దాడి చేసేవాళ్ళు పేక.

"పడుగు మరీ బిగిస్తే పోగులు తెగుతాయి. పేకే లేకుండా నేస్తే దాన్ని గుడ్డ అనరన్నా. ఒట్టి దారాలు మొలకు కట్టుకొని తిరగతావా?"

"తిరగతా. నీకేం నొప్పి? నువ్వు మోటారు సూడు."

ఫోన్‌ను మగ్గం చట్రానికి సుతిలి తాడుతో వేలాడదీసి ఆట చూసేవాడు. అవతలివాడు బంతి పట్టుకొని గోల్ దగ్గరికి వస్తే చాలు, గబుక్కున మగ్గం ఆపేసేవాడు. మగ్గం ఆగితే బంతి కూడా ఆగుతుందని నమ్మకం. అలా మగ్గం టకటకలు ఆగినప్పుడల్లా వీధి వీధంతా "రాజన్న గోడ మీదికి ఎవుడో ఎక్కతా ఉండాడు" అనుకునేది. ఆ ఏడాది ఆయన నేసిన చీరల్లో ఎక్కడ మగ్గం ఆగిన చార కనపడినా, అది ఏ ఆటలో ఎన్నో నిమిషమో నేను చెప్పగలను.

టీ అంగట్లో ఆటపట్టించని వాడు లేడు.

"రాజన్నకు ఒక సున్నా టీ పొయ్యప్పా!"

"చక్కెర సున్నానా, పాలు సున్నానా?"

"గ్లాసే సున్నా."

ఆయన జంకేవాడు కాదు. గ్లాసు టక్కున బల్లమీద పెట్టి, "నగండి, బాగా నగండి. ఇరవై ఆటలాయ. నా గడప దాటి ఒగ బంతి వచ్చిందా? రాలా గదా? నోరు మూసుకోని టీ తాగండి" అనేవాడు.

ఒక శుక్రవారం తిరుచానూరు పోయి అమ్మవారి దర్శనం చేసుకొని వచ్చాడు. ఏం మొక్కుకున్నావన్నా అని అడిగాను.

"నాకు గోలు పడకూడదని."

"నువ్వు ఒకటి వేయాలని మొక్కుకోకూడదా?"

"ఎందుకప్పా? ఆయమ్మకు ఏరే పన్లు లేవా?"

ఈయనకు పూర్తిగా తిరగేసిన మనిషి ఇమ్మానుయేల్. సత్యవేడులో ఉంటాడు. వ్యానులో మా ఊరికి నూలు తోలేవాడు. వ్యాను పల్టీకొట్టి కాలు విరిగితే, లోపల రాడ్ వేసి మంచాన పడుకోబెట్టారు. ఏడాదికి పైగా అతనికి మంచం, కిటికీ, సాయంత్రం ఆరింటికి మా ఆట, అంతే లోకం. కదలలేని ఇమ్మానుయేల్ తన జట్టులో ఒక్కణ్ణి కూడా కదలకుండా ఉండనిచ్చేవాడు కాదు. పదిమందినీ ముందుకు తోలేవాడు. గోల్‌కీపరును కూడా పంపించే మీట యాడుండాది అని నన్ను రెండుసార్లు అడిగాడు. నాలుగు వేసేవాడు, ఆరు వేయించుకునేవాడు. ఎప్పుడైనా ఐదు–నాలుగుతో గెలిచాడంటే ఆ రోజు అతని భార్య ఎస్తేరు నాకు ఫోన్ చేసేది. "అన్నా, ఈ పొద్దు మా ఆయప్ప రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు" అని.

లీగులో చివరన నిలిచినవాడు బయటికి పోవాలి, కొత్తవాడు రావాలి. పుత్తూరులో, తిరుపతిలో చేరతామని వరసలో ఉన్నవాళ్ళున్నారు. ఆ రూలు రాసింది నేనే. రాసినప్పుడు చాలా గొప్ప రూలు అనుకున్నాను.

ఇరవై ఏడు ఆటలయ్యాయి, ఒక్కటే మిగిలింది. సుందరరాజు ఇరవై ఏడూ సున్నా–సున్నాలే. ఇమ్మానుయేల్ తన చివరి ఆట ముందురోజే ఆడేసి, యథాప్రకారం ఆరు వేయించుకొని, పదమూడు పాయింట్ల దగ్గర ఆగిపోయాడు. అతని కింద దామోదరం ఒక్కడే, పన్నెండుతో. దామోదరం చీరల ఏజెంటు, మాటకారి. అతని చివరి ఆట సుందరరాజుతో. డ్రా అయితే ఒక పాయింటు వచ్చి ఇద్దరూ సమానమవుతారు, అప్పుడు గోల్స్ లెక్కలో దామోదరమే పైన. అంటే సుందరరాజు గెలిస్తే తప్ప ఇమ్మానుయేల్ బయటికే.

దామోదరం టీ అంగట్లో అందరికీ టీ చెప్పాడు.

"ఇంక ఆడేదేముందప్పా! ఆవు పాలిస్తాది, రాజన్న డ్రా ఇస్తాడు. రెండూ దేవుడు పెట్టిన ఏర్పాటు!"

ఆ టీ గ్లాసు అలాగే బల్లమీద వదిలేసి లేచాను. ఇమ్మానుయేల్‌ను లీగు నుంచి తీసేసే మాట నేను ఎస్తేరుకు ఎలా చెప్పాలి? నేరుగా సుందరరాజు ఇంటికి పోయాను.

"రాజన్నా, ఈ ఒక్క పొద్దు ముందుకు పో. నీ కాళ్ళు పట్టుకుంటా."

"రూలు రాసింది నువ్వు గదప్పా? నీ రూలు కోసరం నేను నా పద్ధతి మార్చుకోవాల్నా?"

"ఇమ్మానుయేల్ పోతాడన్నా!"

ఆయన ఫోన్‌ను మగ్గానికి వేలాడదీశాడు. ఆరు కొట్టింది. గీతను పట్టుకున్నాడు. కాపు కొస నుంచి మధ్యకు, మధ్య నుంచి దాడి వైపుకు లాగాడు. ఎవడు ఎటు పోవాలో, ఎవడు వాడి చోటుకు రావాలో చకచకా నొక్కుకుంటూ పోయాడు. తెగిన పోగును చూడకుండానే ముడేసే చెయ్యి అది. ఎక్కడా తడుముకోలేదు. నేను నోరు తెరుచుకొని చూస్తున్నాను. ఎనిమిదో నిమిషంలో ఒకటి. పంతొమ్మిదో నిమిషంలో రెండు. మగ్గం ఒక్కసారి కూడా ఆగలేదు.

నాలుగు–సున్నా.

ఫోన్‌లో దామోదరం గొంతు మగ్గాన్ని మించి మోగింది. "ఇది మోసం! రాజన్న ఫోను ఎవుడో పట్టుకోని ఆడినాడు!"

"ఇదెప్పుడు నేర్చుకున్నావన్నా?" అని నేను అడిగితే ఆయన ముడులు చూసుకుంటున్నట్టు వంగిపోయాడు. సమాధానం ఆయన భార్య తిరుమలమ్మ దగ్గర దొరికింది.

"నేర్చుకునేదేంది నాయనా? దినామూ తెల్లారి లేస్తానే కంప్యూటరు జట్టు మింద ఐదు, ఆరు ఏసినాకనే పండ్లు తోముకునేది."

"మరి మాతో ఆడేటప్పుడు ఏం రోగం?"

"నువ్వుండే" అన్నాడు సుందరరాజు ఆమెను.

ఆమె ఉండలేదు. లీగు మొదలుపెట్టక ముందు, ఇమ్మానుయేల్‌కు ఆపరేషన్ అయిన వారానికి, వీళ్ళిద్దరూ కాలక్షేపానికి ఒక ఆట ఆడారట. ఈయన ఏడు–సున్నాతో కొట్టాడు. ఇమ్మానుయేల్ మూడు రోజులు ఫోన్ ఎత్తలేదు. నాలుగో రోజు ఎస్తేరు ఎత్తి, ఆయప్ప సరిగా అన్నం తినడం లేదన్నా అని ఏడ్చింది.

"అప్పుడు ఒట్టేసుకున్నాడు, ఇంక ఇమ్మానుయేల్ మింద గోల్ ఎయ్యనని."

"సరే తల్లీ, అతని మీద వేయలేదు. మిగిలిన ఆరుగురం ఏం పాపం చేశాం? మా మీదైనా వేయచ్చు కదా?"

సుందరరాజు తలెత్తాడు. "మీ మింద ఏసి వాడి మింద ఎయ్యకపోతే, వాడికి తెలిసిపోదా? వాడేమన్నా ఎర్రోడా?"

ఒక్కడికి తెలియకుండా ఉండటానికి ఏడాది పాటు ఊరందరి చేతా సున్నా అనిపించుకున్నాడు ఆ మనిషి. పానా తీసి, బిగువుగానే ఉన్న బోల్టును ఇంకోసారి బిగించాను.

దామోదరం సంగతి కూడా ఆయనే తేల్చాడు. మరునాడు నా షాపు ముందు నిలబడి ఫోన్ చేశాడు. "దామోదరం, నీ జట్టు పోయిందిలే. నా జట్టులో గోలు కొట్టే శాఖ ఖాళీగా ఉండాది. వచ్చి సూసుకో. కాపు జోలికి వచ్చినావంటే మాత్రం కాలు ఇరగ్గొడతా." ఒక జట్టుకు ఇద్దరు మేనేజర్లు ఉండకూడదని నా రూల్లో ఉంది. ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు చూశాక ఆ రూలు కొట్టేశాను.

అంతా సర్దుకుందనుకుంటే ఇమ్మానుయేల్ నాకు ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం లేదు, మంట ఉంది.

"దామోదరం మింద నాలుగు ఏసినోడు, నా మింద నాలుగాటల్లో ఒగటి కూడా ఎయ్యలేకపోయినాడా? నాకు యిరిగింది కాలప్పా, తలకాయ కాదు! ఆయప్పకు చెప్పు. రేపు ఆరింటికి నాతో సరింగా ఆడాల. జాలి సూపించినాడంటే కర్ర ఏసుకోనైనా నగరికి వచ్చి తంతా!"

చెప్పాను. సుందరరాజు చాలాసేపు తల గోక్కున్నాడు. "తంతానన్నాడా?" అన్నాడు. "అన్నాడు." "అయితే కోలుకున్నాడప్పా వాడు!" అని తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

మరునాడు ఆరింటికి మగ్గం ముందు నేనూ, సుందరరాజూ, దామోదరమూ. ఫోన్లో అటు ఇమ్మానుయేల్. సుందరరాజు జాలి చూపలేదు. డెబ్బయ్యో నిమిషానికి ఐదు–సున్నా. దామోదరానికి ఆశ ఆగలేదు. ఆరోదాని కోసం కాపు కాసే ఇద్దరిని కూడా ముందుకు నెట్టాడు. "వద్దురా!" అని సుందరరాజు అరిచేలోగా, ఇమ్మానుయేల్ పంపిన పదిమందిలో ఒకడు ఎదురు లేని మైదానంలో బంతి పట్టుకొని ఉరికాడు. సుందరరాజు మగ్గం ఆపాడు. బంతి ఆగలేదు.

అటు ఫోన్లో పెద్ద కేక, వెంటనే ఎస్తేరు గొంతు. "కాలు! కాలు! కూసో ఆడనే!"

ఇటు సుందరరాజు ఆవేశంతో ఊగిపోతున్నాడు. ఏడాదిగా దాటని గడప. దామోదరాన్ని తిట్టాడు, ముందుకు పోయిన ఇద్దరినీ పేరుపేరునా తిట్టాడు, గోల్‌కీపరు వంశాన్ని తిట్టాడు. చివరికి ఫోన్ చేతిలోకి తీసుకొని ఇమ్మానుయేల్‌ను అందుకున్నాడు.

"ఒరే ఇమ్మానుయేలూ! దొంగనాయాలా! నా ఇంట్లోకి దూరి గోలేస్తావా? నేనిచ్చినా అనుకునేవు, నేనియ్యలా! నువ్వే ఏసినావు! నీ కత చెప్తా ఉండు!"

నాకు భయమేసింది. అటు నుంచి ఇమ్మానుయేల్ నెమ్మదిగా అన్నాడు.

"అన్నా, లౌడ్‌స్పీకర్లో పెట్టినా. ఎస్తేరు కూడా వినాల. ఇంకొగసారి తిట్టు."